కానుక మనది, మైకు ఎవరిది? (మన గొంతు, మన మాధ్యమం – 6)



పోయిన భాగంలో ప్రకటన ఇచ్చేవాడే వార్త ఎలా రాయిస్తాడో చెప్పుకున్నాం. అది చదివి కొందరు యూనివర్సిటీ విద్యార్థులు ఇంచుమించు ఒకే మాట అడిగారు. "అన్నా, ప్రకటనలు వద్దు, పార్టీల డబ్బు వద్దు. మనవాళ్ళ దగ్గరే నెలకు వంద చొప్పున పోగేసి ఒక రేడియోనో ఛానెలో నడిపితే సరిపోదా?"

మంచి ఆలోచన. కానీ అది మనల్ని సగం దారి వరకే తీసుకెళ్తుంది. మిగతా సగం దారిలో ఏముందో చూపించడానికి ఇవాళ క్రైస్తవ రేడియో గురించి రాస్తున్నా. ఈ మాట వినగానే మనలో కొందరు మొహం తిప్పుకుంటారని తెలుసు. తిప్పుకోకండి. ప్రకటన లేకుండా, శ్రోత ఇచ్చే డబ్బుతో దశాబ్దాలపాటు స్టేషన్లు నడిపి చూపించినవాళ్ళు వాళ్ళు. పైగా ఆ రేడియో వినేది, కానుక పంపేది ఎవరో కాదు, మన పల్లెల్లోని మన అమ్మలే.

నా వాదన ముందే చెప్తా. శ్రోత డబ్బుతో నడిచినంత మాత్రాన అది శ్రోత రేడియో అయిపోదు. ఇచ్చిన చేతికి లెక్క అడిగే హక్కు, ఓటేసే హక్కు, మైకు పట్టే హక్కు కాగితం మీద రాసి ఇవ్వాలి. అవి లేకపోతే అది ఉత్త కానుక సంచి.

*

ముందు ఇదెలా నడుస్తుందో చూద్దాం.

అమెరికాలో ఎఫ్ఎం పట్టీలో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్ని వ్యాపారేతర, విద్యా అవసరాల స్టేషన్లకు కేటాయించారు. అక్కడ వాణిజ్య ప్రకటనలు వేయకూడదు. సహాయం చేసిన దుకాణం పేరు చెప్పొచ్చు, "మా సరుకు కొనండి" అనకూడదు. మరి కరెంటు బిల్లు, టవర్ అద్దె, పాటల రాయల్టీ, జీతాలు ఎవరు కట్టాలి? వినేవాళ్ళే కట్టాలి. అందుకే ఏడాదికి కొన్ని రోజులు మామూలు కార్యక్రమాలు తగ్గించి చందాలు అడుగుతారు. క్రైస్తవ స్టేషన్లలో దీన్ని 'షేరథాన్' అంటారు. "ఈ గంటలో ఇంకా ఇరవైమంది ఫోన్ చేయాలి", "మీరెంత ఇస్తే అంత కలిపి ఇస్తానని ఒక దాత ముందుకొచ్చారు", "మీవల్లే నా కాపురం నిలబడింది" అని ఒక సాక్ష్యం, మళ్ళీ పాట, మళ్ళీ ఫోన్ నంబరు. ఒక్కసారి ఇచ్చి ఊరుకునేవాళ్ళ కంటే నెలనెలా బ్యాంకు ఖాతాలోంచి తనంతట తానే పోయే ఏర్పాటుకు ఒప్పుకున్నవాళ్ళే స్టేషన్‌కు అసలు ఆధారం. వాళ్ళ లెక్క తెలిస్తే వచ్చే ఏడాది ఖర్చుకు ఈ ఏడాదే ధైర్యం చేయొచ్చు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది మాత్రం పాస్టర్లు కాదు. 1949లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో లూయిస్ హిల్ అనే యుద్ధ వ్యతిరేకి, తోటి శాంతివాదులతో కలిసి కేపీఎఫ్ఏ అనే స్టేషన్ పెట్టాడు. కంపెనీ డబ్బు తీసుకుంటే కంపెనీ మాటే పలకాలి, కాబట్టి వినేవాడే చందా కట్టాలన్నాడు. అది యుద్ధాన్ని వ్యతిరేకించడానికి వెతుక్కున్న దారి. ఈ చరిత్ర మన కుర్రాళ్ళకు తెలియాలి. సాధనం ఎవరి చేతిలో పడితే వాళ్ళ పని చేస్తుంది.

*

ఇప్పుడు ఆ సాధనం ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి.

1982లో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో ఒక చిన్న స్టేషన్‌తో ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్ మొదలైంది. దాని 'కే-లవ్' పేరు ఇవాళ అమెరికా అంతటా వినిపిస్తుంది. 2017లో లాస్ ఏంజెలస్‌లో ఒక రాక్ స్టేషన్‌ను 5.775 కోట్ల డాలర్లకు కొన్నారు. 2018లో షికాగోలో 'ద లూప్' అనే పాత రాక్ స్టేషన్‌ను కొన్నారు. 2019లో న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఎల్‌జేతో కలిపి ఆరు స్టేషన్లను 10.35 కోట్ల డాలర్లకు కొన్నారు. నెలనెలా ఖాతాలోంచి పోయే చిన్నచిన్న చందాల మీద నిలబడ్డ సంస్థ సంగతి ఇది! "చందాలతో ఏం నడుస్తుంది అన్నా" అనేవాళ్ళు ఈ అంకెలు రెండుసార్లు చదవండి.

ఇంకో పక్క కూడా చదవండి. ఒకచోట తయారైన కార్యక్రమం ఉపగ్రహం ద్వారా దేశమంతా పోతుంది. ఊరి వరద గురించి, ఊరి ఫ్యాక్టరీలో లాకౌట్ గురించి చెప్పే ఊరి గొంతు ఆ తరంగం మీద లేకుండా పోయింది. ఇదంతా చట్టబద్ధమే. దొంగతనం జరిగిందని నేను అనడం లేదు. నేను అడిగేది ఒక్కటే. నెలకు ముప్పై డాలర్లు పంపే నర్సమ్మ, ట్రక్కు డ్రైవరు, ఆ స్టేషన్లు కొనాలా వద్దా అని చెయ్యెత్తారా? అలా అడిగే ఏర్పాటు ఉందా?

అడిగే ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఫ్యామిలీ రేడియో కథ చెప్తుంది. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో మొదలైంది. ప్రకటనలు లేవు, శ్రోతల కానుకలే. అరవైకి పైగా స్టేషన్లకు పెరిగింది. దాని అధిపతి హెరాల్డ్ క్యాంపింగ్ బైబిల్లో లెక్కలు కట్టి 2011 మే 21న తీర్పు దినం వస్తుందని చెప్పాడు. దేశదేశాల్లో వేలకొద్దీ హోర్డింగులు పెట్టారు. ఎవరి డబ్బుతో? శ్రోతల డబ్బుతో. కొందరు ఉద్యోగాలు మానేశారు, దాచుకున్నది ఊడ్చి ఇచ్చారు. మే 22న మామూలుగా తెల్లారింది. క్యాంపింగ్ తేదీని అక్టోబరుకు జరిపాడు. అక్టోబరులోనూ ఏమీ జరగలేదు. ఆ తర్వాతి ఏడాది అలా తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. కానుకలు తగ్గిపోయాయి, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ ప్రాంతాల్లోని పెద్ద స్టేషన్లు అమ్ముడైపోయాయి. ఎవరి కానుకలతో కట్టిన స్టేషన్లు! అమ్మకానికి పెట్టేటప్పుడు వాళ్ళనెవరు అడిగారు?

అక్కడ లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఫారం 990 అనే పత్రం దాఖలు చేయాలి. పెద్ద అధికారుల జీతాలెంతో అందులో ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. చర్చిలకు మాత్రం మినహాయింపు. రేడియో కార్యక్రమాలతోనే పేరు తెచ్చుకున్న ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ అనే సంస్థ ఏం చేసింది? తననూ చర్చిగా గుర్తించమని అడిగి ఆ హోదా తెచ్చుకుంది, దాంతో ఆ పత్రం ఇవ్వాల్సిన పని పోయింది. కుడిచేతితో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న బోధ ఇచ్చేవాళ్ళకు. పుచ్చుకునేవాళ్ళు దాన్ని తమకు అన్వయించుకున్నారు.

*

ఇక మన సంగతి.

మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సుకు మత సంస్థలు, వాటితో సంబంధమున్న కంపెనీలు అనర్హం. అందుకే మన పల్లెలకు క్రైస్తవ రేడియో సముద్రం మీదుగా వచ్చింది. రేడియో సిలోన్ నుంచి వచ్చింది. 1970 నుంచి 2003 దాకా హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి ఫెబా షార్ట్‌వేవ్ ప్రసారాలు వచ్చాయి. గరగరలాడే ఆ శబ్దంలో తెలుగు వినబడేసరికి మా పల్లెలో నాలుగిళ్ళవాళ్ళు ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ చేరేవాళ్ళు. ఊరి హోటల్లో వేరే గ్లాసు పెట్టిన కాలంలో "ప్రియమైన శ్రోతలారా" అని గౌరవంగా పిలిచింది ఆ పెట్టె. ఆ పిలుపు విలువ తెలియకుండా "విదేశీ మత ప్రచారం" అని ఒక్క ముక్కలో కొట్టేసేవాళ్ళతో నాకు మాటల్లేవు.

మా నాయనమ్మకు చదువు రాదు. ఆమె తరఫున పోస్టుకార్డులు నేను రాసేవాణ్ణి. ఏ స్టేషన్‌కో పేరు చెప్పను, అక్కర్లేదు. "మోకాలు నొప్పి కోసం ప్రార్థించండి. గేదె కట్టలేదు, దాని కోసం ప్రార్థించండి. ఆసామి రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు, దాని కోసం ప్రార్థించండి" అని చెప్పి రాయించేది. కొన్నాళ్ళకు రేడియోలో ఆమె పేరు చదివారు. పల్లె అంతా సంబరపడింది. మోకాలి కోసం ప్రార్థించారు. గేదె కోసం కూడా ప్రార్థించారు. కూలి మాట ఎత్తలేదు.

ఎందుకెత్తలేదు? కూలి అనగానే ఆసామి వస్తాడు, ఆసామి అనగానే కులం వస్తుంది. కులం వస్తే గాలిలో రాజకీయం వచ్చినట్టు. మోకాలికి కులం లేదు కాబట్టి మోకాలు ప్రసారానికి పనికొచ్చింది.

పెద్దయ్యాక నేను ఇంటర్నెట్‌లో నడిచే ఒక తెలుగు క్రైస్తవ రేడియోలో రెండేళ్ళు జీతం లేకుండా పని చేశా. శ్రోతల కానుకలే ఆధారం. ఎక్కువ ఫోన్లు ఎక్కడినుంచి వచ్చేవో తెలుసా? కువైట్ నుంచి. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు, రాత్రి పని ముగిశాక వంటగదిలో చెవిలో పెట్టుకుని వినేవాళ్ళు. జీతం అందగానే కొన్ని దినార్లు పంపేవాళ్ళు. పెద్ద మొత్తం పంపినవాళ్ళ పేర్లు కుటుంబ సమేతంగా చదివేవారు. చిన్న మొత్తాలకు "ఇతర ప్రియులు" అని ఒక్క మాట. దేవాలయంలో రెండు కాసులు వేసిన పేద విధవరాలి మీద అదే స్టూడియోలో ఎన్ని ప్రసంగాలు రికార్డు చేశామో లెక్కలేదు!

ఒకరోజు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మీద అరగంట కార్యక్రమం చేద్దామన్నా. మూడో పేరా గురించి. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడని మొదట రాసి, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి, క్రైస్తవ, ముస్లిం దళితులను ఇప్పటికీ గడప బయటే నిలబెట్టిన పేరా అది. మాల, మాదిగ క్రైస్తవుడి చేతిలో బీసీ-సి సర్టిఫికెట్ పెడితే ఒక్క శాతం రిజర్వేషన్. అట్రాసిటీ చట్టం రక్షణ లేదు. రిజర్వుడు సీటులో పోటీ లేదు. బాప్తిస్మం రిజిస్టరు బయటపడితే సర్పంచి పదవి, ఉద్యోగం గల్లంతు. ఆ పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఆ రేడియో వింటున్న వాళ్ళలో ఎక్కువమంది బతుకును నేరుగా తాకే విషయం ఇంతకంటే ఇంకోటి ఉందా?

నాకు వచ్చిన జవాబు: "మనది ఆత్మల పని బ్రదర్. రాజకీయాలు వద్దు. దాతలు నొచ్చుకుంటారు."

ఏ దాతలు? దినార్లు పంపే ఆ తల్లులనెవరూ అడగలేదు. అడిగే ఏర్పాటు లేదు. నొచ్చుకునే దాత అంటే ఎవరో ఫోన్ చేయగానే అర్థమయ్యే నలుగురైదుగురు. ప్రకటనదారు లేని చోట పెద్ద దాతే ప్రకటనదారు. పోయిన భాగంలో మనం తిట్టుకున్న ఆ పెత్తనమే తెల్లబట్టలేసుకుని ఇక్కడ కూర్చుంది.

'రాజకీయాలు వద్దు' అనే ఈ సూత్రం అందరికీ ఒకేలా వర్తించదు. 1949లో అట్లాంటాలో డబ్ల్యూఈఆర్‌డీ అనే స్టేషన్‌ను జెస్సీ బ్లేటన్ కొన్నాడు. అమెరికాలో నల్లజాతివాడి సొంతమైన మొదటి రేడియో స్టేషన్ అది. అదే భవనంలో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆఫీసు ఉండేది. కింగ్ ఏదైనా చెప్పాలనుకుంటే చీపురు కర్రతో పైకప్పు తట్టేవాడని, పైనుంచి మైకు కిందికి దించేవాళ్ళని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆ మైకు ముందు మాట్లాడింది పాస్టరే కదా? ఆయన భక్తికి లోటొచ్చిందా? మన పాస్టర్లు ఆయన ఫొటో పెట్టుకుంటారు, ఆ చీపురు కర్ర మాత్రం ముట్టుకోరు.

*

ఇప్పుడు మన ఉద్యమ మిత్రులతో రెండు మాటలు. కోపం తెచ్చుకోకండి.

"వాళ్ళకు విదేశీ డబ్బు, మాయమాటలు" అని తేలిగ్గా అంటారు. మన తల్లులు రోజూ అన్నానికి బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి పోతాయి. పస్తున్న వారంలో కూడా పోతాయి. ఆ పిడికెడు బియ్యంతో గోడలు లేచాయి, కాపరుల పిల్లలు చదువుకున్నారు. మన ఉద్యమ సంస్థల్లో ఎన్నిటికి ఆ తల్లి నెలకు పది రూపాయలిస్తోంది? ఇవ్వకపోతే తప్పు ఆమెది అనకండి. ఎప్పుడైనా వెళ్ళి అడిగారా? ఆమె మోకాలి నొప్పి గురించి ఒక్కసారైనా విన్నారా? ఆ రేడియో కనీసం మోకాలు విన్నది. మనం కూలి గురించి ఉపన్యాసం చెప్పాం, మోకాలు వినలేదు.

బాబాసాహెబ్ ఈ కష్టం పడ్డారు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలైంది. డబ్బిస్తామన్నా దాని ప్రకటన వేయడానికి 'కేసరి' ఒప్పుకోలేదు. షాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఆసరా అయ్యాయి. ఆ పత్రిక ఎక్కువకాలం నిలవలేదు. 1927లో 'బహిష్కృత్ భారత్' తెచ్చారు, కాలమ్‌లకు కాలమ్‌లు తానే రాసుకున్నారు, చందాలు కట్టమని పాఠకులను అడిగారు, 1929లో అదీ ఆగిపోయింది. అంతటి మనిషి పత్రికలు డబ్బు లేక ఆగిపోయిన జాతి మనది. కాబట్టి చందా పోగేసే విద్య ఎవరి దగ్గరున్నా నేర్చుకోవాలి. అందులో నామోషీ లేదు.

మైకు పట్టే విద్య మాత్రం మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో ఉంది. 90.4 మెగాహెర్ట్జ్. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని నడిపించారు. స్టూడియో 1990ల చివర్లోనే యునెస్కో సాయంతో సిద్ధమైంది. లైసెన్సు కోసం పదేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ పదేళ్ళూ వాళ్ళు ఊరుకోలేదు. క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. విత్తనాలు, పాటలు, మందుమొక్కలు, అన్నీ తమ యాసలోనే. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ ప్రజల్లో మనమూ ఉన్నామని నిరూపించింది ఈ అక్కలే. అక్కడ కొరత ఇంకోటి. మైకు మనది, వెనక ఆర్థిక అండ డీడీఎస్ అనే సంస్థది. పైగా కమ్యూనిటీ రేడియో సొంత వార్తలు చదవకూడదని ప్రభుత్వ నిబంధన. కూలి ఎగ్గొట్టిన ఆసామి గురించి పాట పాడొచ్చు, వార్త చెప్పకూడదు. ఈ నిబంధన మీద కొట్లాడాల్సిన బాధ్యత మనందరిదీ.

ఒక చోట కానుక ఉంది, మైకు లేదు. ఇంకో చోట మైకు ఉంది, కానుక లేదు. రెండూ ఒకే చేతిలో పెట్టాలి.

*

ఎలా? గాలిలో మాటలు వద్దు. ఛానెల్ పెడతామన్న విద్యార్థులకు నా షరతులు ఇవి.

ఒకటి. ట్రస్టుగా పెట్టకండి, సొసైటీగా రిజిస్టరు చేయండి. ట్రస్టులో అధికారం ట్రస్టీలది. సొసైటీలో సభ్యుల సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఓటు ఉంటుంది. చందా ఇచ్చిన ప్రతి మనిషినీ దాత అని పొగిడి వదిలేయకుండా సభ్యురాలిగా రాసుకోండి.

రెండు. డబ్బు లేనివాళ్ళకూ ఓటు ఇవ్వండి. ఇది నా సొంత తెలివి కాదు. కేపీఎఫ్ఏను నడిపే పసిఫికా సంస్థలో 1999లో యాజమాన్యం సొంత ఉద్యోగులకే తాళం వేస్తే, వేలమంది శ్రోతలు బర్క్‌లీ వీధుల్లోకి వచ్చారు. కోర్టుల్లో కొట్లాడి, ఓటు హక్కు రాయించుకున్నారు. ఏడాదికి 25 డాలర్లు ఇవ్వాలి, లేదా మూడు గంటలు ఉచితంగా పని చేయాలి. రెండింటిలో ఏది చేసినా స్థానిక బోర్డు ఎన్నికల్లో ఓటుంటుంది. ఓటు వచ్చాక అక్కడ గొడవలు, అప్పులు తక్కువేమీ కాలేదు. ప్రజాస్వామ్యం చవక వ్యవహారం కాదు. అయినా మూడు గంటల శ్రమకు ఓటు విలువ కట్టిన ఆ వాక్యాన్ని కూలి చేసుకునే జాతి గుండెల మీద రాసుకోవాలి.

మూడు. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం ఖర్చులో పదో వంతుకు మించి తీసుకోకండి. మనవాడే అయినా, ఎమ్మెల్యే అయినా, అమెరికాలో ఉన్న అన్నయ్య అయినా సరే.

నాలుగు. నెలకోసారి లెక్కలు ప్రసారంలోనే చదవండి. ఎంత వచ్చింది, సర్వర్‌కెంత, ఎవరి జీతమెంత. చదివేది మేనేజరు కాకూడదు, పల్లె నుంచి వచ్చిన సభ్యురాలు చదవాలి. మొత్తం పెద్దదైనా చిన్నదైనా పేర్లు అక్షర క్రమంలో చదవండి.

ఐదు. ప్రసార సమయంలో సగం పల్లె ఆడవాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళు పాట పాడతారో, ప్రార్థన చేస్తారో, ఆసామి పేరెత్తి తిడతారో వాళ్ళ ఇష్టం. ప్రార్థన చేస్తే చిన్నబుచ్చుకోకండి.

ఆరు. ఆస్తి అమ్మాలన్నా, పేరు మార్చాలన్నా సభ్యుల ఓటు లేకుండా జరగకూడదు. మేనేజరు పదవికి గడువు ఉండాలి. స్థాపకుడికి కూడా. ముఖ్యంగా స్థాపకుడికే.

క్రైస్తవ రేడియోలు నడుపుతున్న అన్నలకూ ఇవే షరతులు. మీ స్టేషన్ మూయమని నేననడం లేదు. మీరు చెప్పే సువార్త మా పల్లెను మనిషిగా పిలిచింది, ఆ రుణం మరిచిపోను. కానీ కువైట్ వంటగదిలోంచి వచ్చిన దినారుకు లెక్క చెప్పండి. మూడో పేరా మీద అరగంట ఇవ్వండి. దాత నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. మీ దగ్గర సభ్యులుంటే ఒక దాత పోయినంత మాత్రాన స్టేషన్ ఆగదు.

విద్యార్థి మిత్రులారా, ఈ వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్తారు కదా. మీ పల్లెలో ఎవరెవరు ఏ రేడియో వింటున్నారో, ఎవరికి ఎంత పంపుతున్నారో, పంపినందుకు రసీదు వచ్చిందో లేదో అడిగి రాసుకోండి. చందా గురించి అప్పుడే మాట్లాడొద్దు. ముందు వినండి. మనం పెట్టబోయే రేడియోకు మొదటి పని అదే.

వచ్చే భాగంలో: కమ్యూనిటీ రేడియోలో వార్తల నిషేధం, దాని మీద మనమేం చేయాలి.

జై భీమ్.